అవతలి బుట్టలో బంతి

నాకు సంతకం పెట్టడం వచ్చు. బస్సు మీద ఊరి పేరు కూడబలుక్కుని చదవడం వచ్చు. అంతకుమించి చదువు నా దగ్గరికి రాలేదు, నేనూ దాని వెంట పడలేదు. ఇదంతా నేను చెబుతుంటే నా బిడ్డ రాస్తున్నది. నా మాటను పుస్తకం మాటగా మార్చి రాస్తానన్నది. రాయనీ. తనకు నచ్చని చోట దాటేస్తే మాత్రం ఊరుకోనని ముందే చెప్పాను.

మాది కోరుట్ల. మా ఆయన పోయి ఆరేళ్లయింది. ఆయన ఉన్నప్పుడూ, పోయాకా నా పని ఒకటే, బీడీలు చుట్టడం. ఒళ్లో చాట, చాటలో తునికాకు, పొగాకు. ఆ దుమ్ముకు నా గొంతు ఎప్పుడో గరగరలాడే గొంతయింది. పాలు పోయమని అడిగినా పాలవాడు నేను కొట్లాటకు వచ్చాననుకుంటాడు.

ఈ ముచ్చట జరిగినప్పుడు నా బిడ్డ తొమ్మిదో తరగతి, ఊళ్లోని సర్కారు ఆడపిల్లల బడిలో. వాళ్ల నాన్న పోయాక అది బడిలో నోరు విప్పేది కాదు. టీచరు పేరు అడిగినా నేల చూసేది. అలాంటి పిల్ల బడికి ఒక రోజు హైదరాబాదు నుంచి ఎవరో పుణ్యాత్ములు ఒక పెద్ద పెట్టె పంపించారు. చక్రాలు, మోటార్లు, వైర్లు, బెజ్జాలున్న ఇనుప పట్టీలు. నలుగురు ఆడపిల్లలను కూర్చోబెట్టి, వీటితో మరమనిషిని చెయ్యండన్నారు. మనిషంటే నేను కాళ్లూ చేతులూ ఉంటాయనుకున్నాను. తీరా చూస్తే పీటకు చక్రాలు పెట్టినట్టుంది. కానీ అది వచ్చాక నా బిడ్డకు మాట వచ్చింది. ఎంత వచ్చిందంటే, ఇప్పుడు నోరు మూయించడానికి మనుషులను పెట్టాలి.

ఆ పుణ్యాత్ములు ఒక మెలిక కూడా పెట్టారు. జగిత్యాలలో పోటీ ఉంటుంది. అందులో గెలిచి హైదరాబాదు పోయే బడులు పెట్టెను శాశ్వతంగా ఉంచుకోవచ్చు. మిగతా బడులు పరీక్షలు కాగానే తిరిగి ఇచ్చేయాలి, మరుసటి ఏడు అది ఇంకో ఊరి బడికి పోతుంది. దూడను పెంచమని ఇచ్చి, పాలిచ్చే వేళకు తోలుకుపోయినట్టు. నా బిడ్డకు హైదరాబాదు చూడాలని లేదు, కప్పు కావాలని లేదు. పెట్టె పోకూడదు, అంతే. పదో తరగతిలో కూడా అది తన చేతి కింద ఉండాలి.

ఆడపిల్లల వెంట ఒక ఆడమనిషి తప్పకుండా ఉండాలని పోటీ కాగితంలో రాసి ఉందట. సైన్సు మేడంకు ఆ రోజు వేరే డ్యూటీ పడింది. హెడ్మాస్టరు గారు ఆలోచించి ఆలోచించి, ఇంట్లో ఖాళీగా ఉండే మనిషి ఎవరా అని వెతికి నన్ను పట్టుకున్నారు. రోజంతా బీడీలు చుట్టడం ఖాళీగా ఉండటం కిందికే వస్తుందని ఆయన లెక్క. వెంట లెక్కల సారు వచ్చాడు. ప్రతి సోమవారం ప్రార్థనలో నిజాయితీ గురించి మాట్లాడే సారు ఆయనే. పిల్లలు ఆ ఉపన్యాసం వరుస తప్పకుండా ఒప్పజెప్పగలరు.

తెల్లవారుజామునే లేచి బియ్యప్పిండితో సర్వపిండి రొట్టెలు చేసి డబ్బాలో పెట్టాను. మరమనిషిని కూరగాయల మార్కెట్లో టమాటలు పోసే ప్లాస్టిక్ డబ్బాలో పెట్టి, పైన నా పాత చీర కప్పి, మొదటి బస్సులో జగిత్యాల పోయాం. దారిలో నా బిడ్డ నాకు ఆట చెప్పింది.

గది అంత జాగా. చుట్టూ మోకాలెత్తు గోడ. లోపల పసుపు బంతులు. ఇటు ఎర్రవాళ్లకు రెండు బుట్టలు, అటు నీలం వాళ్లకు రెండు. కింది బుట్టలో బంతి వేస్తే ఒక పాయింటు, పై బుట్టలో వేస్తే మూడు. గంట కొట్టేసరికి తమ గద్దె మీదికి ఎక్కిన యంత్రానికి ఇంకో పది. ఒక్కో వైపు రెండేసి బడులు జోడీగా ఆడాలి. ఎవరికి ఎవరు జోడీ అనేది చీటీ తీసినట్టు కంప్యూటర్ చెబుతుంది. ఈ ఆటలో నీ జోడీ అయినవాళ్లు వచ్చే ఆటలో నీ మీదే పడొచ్చు. ఇది నాకేమీ కొత్తగా అనిపించలేదు. మా అత్తగారింట్లో తోడికోడళ్లతో నేను ఆడిందీ ఇదే, అక్కడ కంప్యూటర్ ఒక్కటే తక్కువ.

పోటీ ఊరి బయట ఒక ఇంజినీరింగు కాలేజీలో. పదహారు బడులు వచ్చాయి. అన్నిటికంటే ముందు కంట పడ్డది సిరిసిల్ల నుంచి వచ్చిన ఒక ప్రైవేటు బడి. పిల్లలందరికీ ఒకే రంగు బనియన్లు, వీపు మీద ఇంగ్లీషులో ఏదో రాసి ఉంది. ఏమిటని నా బిడ్డను అడిగితే, "గెలుపు కంటే దోస్తానా గొప్పదట" అని చదివి చెప్పింది. వాళ్ల యంత్రానికి తోపుడు బండి వేరే ఉంది. వాళ్ల కోచ్‌కు నెత్తి మీద నల్లకళ్లద్దాలు, మెడలో మూడు కార్డులు. మా టమాట డబ్బాను చూసి వాళ్లెవరూ నవ్వలేదు, నిజం చెప్పాలి. అసలు చూడలేదు.

మొదటి ఆటలోనే మా వాళ్లు సిరిసిల్ల వాళ్ల మీద పడ్డారు. మాకు జోడీగా వచ్చిన బడి యంత్రం గంట కొట్టగానే ఒక అడుగు వేసి, ఇక నావల్ల కాదని నిలబడిపోయింది. నా బిడ్డ ఒక్కతే రిమోటు పట్టుకుని చెమటలు కక్కుతున్నది. మాది పై బుట్టకు అందే యంత్రం కాదు, కింది బుట్టలోకి తోసే యంత్రం. వాళ్లవి నలభై దాటాయి, మావి ఆరు.

అప్పుడొక వింత జరిగింది. సిరిసిల్ల పిల్లలు తమ యంత్రాన్ని మా వైపు తిప్పి, ఒక బంతి ఎత్తి మా పై బుట్టలో వేశారు. తర్వాత ఇంకొకటి. తర్వాత ఇంకొకటి. నా కళ్లల్లో నీళ్లు తిరిగాయి. ఓడిపోతున్న పిల్లలను చూడలేక తమ చేతులతో తామే వేస్తున్నారే, ఏ తల్లి కన్న బిడ్డలో, బనియన్ల మీద రాసుకున్నది ఉత్త మాట కాదు కదా అనుకున్నాను. ఆట అయిపోగానే తిండి డబ్బా తీసుకుని గ్యాలరీ మెట్లు దిగిపోయాను. ఒక్కొక్కరి చేతిలో సర్వపిండి ముక్క పెట్టాను, చెంపలు నిమిరి మెటికలు విరిచాను. వాళ్లు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. కోచ్ నవ్వుతూ ఫోన్లో వీడియో తీశాడు. గ్యాలరీలో కూడా నవ్వులు. మంచి పని చేస్తే మనుషులు సంతోషపడతారు కదా అని నేనూ నవ్వాను.

వెనక్కి వచ్చేసరికి నా బిడ్డ ముఖం మిరపపండులా ఉంది. మా వైపు తల్లిని అవ్వా అనే పిలుస్తారు.

"అవ్వా, నీకు దండం పెడ్త. వాళ్లకెందుకు పెట్టినవే?"

"ఎందుకేంది? మీ బుట్టల బంతులేసిండ్రు గద. మా పిల్లలకు సాయం జేసిండ్రని పెట్టిన."

"సాయం గాదే అవ్వా. రెండు బడులు సమానంగ గెలిస్తె, ఎవలు గట్టోళ్లను ఓడగొట్టిండ్రో సూస్తరు. మనం ఓడినంక మన పాయింట్లు ఎన్నుంటె గన్ని వాళ్ల లెక్కల కలుస్తయి. గందుకే ఏసిండ్రు."

"అంటె... మిమ్ముల గట్టోళ్లను జేసి, గట్టోళ్లను కొట్టినమని రాసుకున్నరా?"

"ఆఁ, గంతే."

"మరి నా సర్వపిండి?"

"పోయింది."

ఇరవై ఏళ్లు బీడీలు చుట్టాను. మనిషిని ముంచడానికి ఎన్ని తీర్లున్నాయో నాకు తెలుసనుకున్నాను. ముంచేవాడికి మునిగేవాడు పిండివంట పెట్టే తీరు మాత్రం ఆ రోజే నేర్చుకున్నాను.

మధ్యాహ్నానికి నాలుగేసి ఆటలయ్యాయి. మావాళ్లు రెండు గెలిచారు, రెండు ఓడారు. మా పక్క బల్ల జగిత్యాల ఉర్దూ మీడియం బడి ఆడపిల్లలది. వాళ్లూ నలుగురే, వెంట ఒక మేడం. వాళ్ల యంత్రం మాదానికంటే నిదానం, అదీ పై బుట్టకు అందదు, కానీ గద్దె ఎక్కడంలో గట్టిది. రిమోటు పట్టేది కళ్లద్దాల పిల్ల, తల చుట్టూ నల్ల స్కార్ఫు. పొద్దున్నుంచి మా వాళ్లూ వాళ్లూ స్క్రూడ్రైవర్లు అటూ ఇటూ ఇచ్చిపుచ్చుకుంటూనే ఉన్నారు. వాళ్లు మూడు గెలిచి అయిదో స్థానంలో ఉన్నారు.

ఇక్కడ ఇంకో లెక్క ఉంది. అయిదేసి ఆటలయ్యాక మొదటి నాలుగు స్థానాల బడులు కెప్టెన్లవుతాయి. ఒక్కో కెప్టెను మిగతావాళ్లలోంచి తనకు నచ్చిన ఒక బడిని జోడీగా ఎంచుకోవచ్చు. ఆ నాలుగు జోడీలే చివరిదాకా ఆడతాయి, అందులో గెలిచిన జోడీయే హైదరాబాదు పోతుంది. మా వాళ్లు ఆఖరి ఆట గెలిచినా నాలుగులోకి రారు. కాబట్టి ఎవరో ఒకరు ఎంచుకోవాలి, పెళ్లిచూపుల్లో కూర్చున్నట్టే.

ఆఖరి ఆటకు కంప్యూటర్ చెప్పిన జోడీ ఇది. మావాళ్లూ, ఉర్దూ మీడియం వాళ్లూ ఒక వైపు. సిరిసిల్ల వాళ్లూ ఇంకొకరూ అవతలి వైపు.

అప్పుడు సిరిసిల్ల కోచ్ మా దగ్గరికి వచ్చాడు. పొద్దున వచ్చినప్పుడు మమ్మల్ని చూడని కళ్లు ఆయనవి, నెత్తి మీది కళ్లద్దాలు తీసి మరీ చూశాడు.

"అక్కా, మీ సర్వపిండి మస్తుండె. మా పోరలు ఇంకా గదే ముచ్చట జెప్తున్నరు."

"తినుండ్రి సారూ, మీరు కష్టపడి సంపాయించుకున్నరు," అన్నాను. ఆయనకు అర్థం కాలేదు, లేదా కానట్టు ఉన్నాడు.

తర్వాత మా లెక్కల సారు భుజం మీద చెయ్యి వేశాడు. "సార్, సాఫ్ సీదా మాట్లాడ్త. గీ ఆట మేం గెలిస్తె ఫస్టుల ఉంటం. ఫస్టుంటె జోడీని ముందుగాల ఎంచుకునేది మేమే. మా మిషన్ పై బుట్టల ఏస్తది, మీ పొల్లలది కింద బుట్టల జల్ది తోస్తది. మీరు మాకు కావాలె. మీరు గీ ఆట గెలిచినా మీకొచ్చేది ఏం లేదు గద?"

"అంటె ఓడిపొమ్మంటున్నరా?" అన్నాడు సారు.

"ఓడుమని ఎవరన్నరు? జర ఆరామ్‌గ ఆడుండ్రి అంటున్న. గిది స్ట్రాటజీ సార్."

సారు గడ్డం గోక్కున్నాడు. సోమవారం ఉపన్యాసంలో ఏ వాక్యం దీనికి సరిపోతుందో వెతుకుతున్నాడేమో. "రూల్స్‌ల అయితే ఎక్కడ తప్పని లేదు," అన్నాడు చివరికి. కోచ్ అటు పోగానే నా వైపు తిరిగాడు.

"అమ్మా, నేను జెప్తె బాగుండది. టీచర్ను గద. నువ్వయితె తల్లివి. జర మెల్లగ నువ్వే జెప్పు పిల్లకు."

అలా నిజాయితీ ఆయన దగ్గరే భద్రంగా ఉండిపోయింది, ఓడిపొమ్మని చెప్పే పని నాకు వచ్చింది.

నేను పోలేదని అబద్ధం చెప్పను. పోయాను. కాళ్లు పరుగెత్తినట్టే పోయాను. పెట్టె మా బడిలో ఉంటుంది, నా బిడ్డ నోరు మళ్లీ మూతపడదు. నాకు అంతకంటే ఏం కావాలి? ఉర్దూ మీడియం పిల్లలు నాకేమవుతారు?

"బిడ్డా, జర ఇటు రా. గీ ఆట ఓడిపోండ్రి."

అది స్క్రూ బిగిస్తూ తల ఎత్తింది. "ఎవలు జెప్పిండ్రు?"

"ఎవలు జెప్తె ఏంది? నేనే జెప్తున్న."

"పొద్దుగాల నీకు పాయింటంటె ఏందో ఎర్కలేదు. సారు పంపిండా?"

"సిరిసిల్లోళ్లు మిమ్ముల జోడీ తీస్కుంటరట. గెలుస్తరు. పెట్టె మనకే ఉంటది. నాలుగు బంతులు ఇడ్సిపెడ్తె మనదేం పోతది చెప్పు?"

"మనది పోదు. వాళ్లది పోతది." కళ్లతోనే పక్క బల్ల చూపించింది. "గీ ఆట గెలిస్తె వాళ్లు నాలుగో నంబర్ల కెప్టెన్లయితరు. ఓడితె వాళ్లను ఎవ్వరు తీస్కోరు. ఇంటికే."

కళ్లద్దాల పిల్ల తల వంచుకుని చక్రం తుడుస్తున్నది. తుడిచిన చక్రాన్నే మళ్లీ తుడుస్తున్నది. ఆ పిల్లకు తెలుగు నాకంటే బాగా వచ్చు.

"వాళ్ల సంగతి మనకెందుకే?" అన్నాను గొంతు తగ్గించి. నా గొంతు తగ్గితే ఎంత తగ్గుతుంది!

"అవ్వా, పోయిన వానకాలం నీకు జరమచ్చినప్పుడు చిన్నమ్మ ఏం జేసింది?"

మా వాడకట్టులో ఒక అలవాటుంది. ఎవరికైనా ఒంట్లో బాగాలేకపోతే మిగతా ఆడవాళ్లు తలా కొన్ని కట్టలు ఎక్కువ చుట్టి, ఆమె పేరు మీద కార్ఖానాకు పంపిస్తారు. ఆమె పని తెగిపోకుండా. నాకు జ్వరం వచ్చిన ఆ పది రోజులూ పక్కింటి మా చెల్లెలి వరసామె నా పేరు మీద చుట్టింది.

"నా కట్టలు గామె చుట్టింది. అయితె?"

"నీ పేరు మీద పొయ్యేటియి గద అని పొగాకు తక్కువ పెట్టి, వదులుగ చుట్టిందా?"

"గట్లెందుకు జేస్తది? మంచిగ లేవని కార్ఖానల పారేస్తె నా పేరు మీదనే పారేస్తరాయె. తన బీడీలకంటె నాయే గట్టిగ చుట్టింది."

"ఆఁ. మరి?"

పెంచి పెద్ద చేస్తే పిల్లలు మన మాటలే ఏరి పెట్టుకుని, అవసరం వచ్చినప్పుడు మన నెత్తి మీదే వేస్తారు. కోపం వచ్చింది. "అయితె ఏం జేస్తవే?" అంటే, అది తల అడ్డంగా ఊపి మళ్లీ స్క్రూ పట్టుకుంది.

సారు మెట్ల దగ్గరే కాచుకుని ఉన్నాడు.

"జెప్పినవా అమ్మా?"

"జెప్పిన."

"ఏమన్నది?"

"తల ఊపింది సారూ."

ఏ దిక్కుకు ఊపిందో ఆయన అడగలేదు. అడగనిది చెప్పడానికి నేనెవరిని? ఆయన సంతోషంగా అటు తిరిగి, సిరిసిల్ల కోచ్‌కు బొటనవేలు ఎత్తి చూపించాడు.

ఆట మొదలైంది. నా బిడ్డా, కళ్లద్దాల పిల్లా పక్కపక్కన నిలబడ్డారు. మా యంత్రం కింది బుట్టలోకి ఎడాపెడా తోస్తున్నది. సిరిసిల్ల వాళ్లు పై బుట్టలో నింపాదిగా వేస్తున్నారు. బేరం కుదిరిన తర్వాత తొందర ఎందుకు? ఒక నిమిషం మిగిలి ఉండగా పెద్ద తెర మీద వాళ్లవి ముప్పై ఆరు, మావి ఇరవై ఒకటి.

అప్పుడు వాళ్ల కోచ్ గోడ పక్కనుంచి వేలు తిప్పి సైగ చేశాడు. వాళ్ల యంత్రం మా వైపు తిరిగింది. పొద్దున నన్ను ఏడిపించిన దోస్తానా మళ్లీ మొదలైంది. ఒక బంతి మా పై బుట్టలో వేసింది, మూడు పాయింట్లు. ఇంకొకటి వేసింది, ఇంకో మూడు. ఓడబోయే మమ్మల్ని గట్టోళ్లను చేస్తున్నారు పాపం. మావి ఇరవై ఏడయ్యాయి.

నా బిడ్డ వాళ్ల వైపు చూడనే లేదు. మూలలో ఇరుక్కున్న నాలుగు బంతులను ఒకేసారి తోసుకొచ్చి కింది బుట్టలో పడేసింది. ముప్పై ఒకటి. సిరిసిల్ల పిల్లలకు అనుమానం వచ్చింది. గబగబా వెనక్కి పోయి తమ బుట్టలో ఒకటి వేసుకున్నారు, ముప్పై తొమ్మిది. వాళ్ల గద్దె ఇంకా దూరంగానే ఉంది. ఇటు కళ్లద్దాల పిల్ల యంత్రం మూలుగుతూ, ఒక చక్రం గాలిలో లేపి, మా గద్దె అంచు పట్టుకుంది. జారింది. మళ్లీ పట్టుకుంది. గంట కొట్టేసరికి పైన కూర్చుంది.

నలభై ఒకటి. ముప్పై తొమ్మిది.

నాకు లెక్కలు రావు కానీ ఈ లెక్క ఎవరైనా చెయ్యగలరు. వాళ్లు దయతో వేసిన ఆ ఆరూ లేకపోతే మేం ఓడిపోయేవాళ్లం. ఎంత అరిచానో నాకు గుర్తు లేదు. ముందు వరుసలో ఒకాయన చెవులు మూసుకున్నాడని నా బిడ్డ అంటున్నది.

కోచ్ ముఖం ఎర్రగా చేసుకుని మా సారు దగ్గరికి వచ్చాడు. "గిదేంది సార్? మాటంటె మాట ఉండాలె గద!" అన్నాడు. అంతకుమించి ఏమనగలడు? ఓడిపోతామని మాటిచ్చి గెలిచారని ఏ రెఫరీకి చెప్పుకుంటాడు? సారు నా వైపు చూశాడు. నేను డబ్బా మూత బిగించడంలో చాలా పని ఉన్నట్టు ఉన్నాను.

ఉర్దూ మీడియం వాళ్లు నాలుగో స్థానంలోకి వచ్చి కెప్టెన్లయ్యారు. సిరిసిల్ల వాళ్లు రెండుకు జారారు. జోడీలు ఎంచుకోవడానికి పది నిమిషాలు టైమిచ్చారు. కళ్లద్దాల పిల్ల నేరుగా మా బల్ల దగ్గరికి వచ్చింది.

"మేం మిమ్ములనే తీస్కుంటం. మా మేడం భీ ఒప్పుకున్నది," అన్నది.

నాకు కడుపు నిండిపోయింది. లోకంలో న్యాయం ఇంకా బతికే ఉంది, అదీ జగిత్యాలలోనే ఉంది అనుకున్నాను. అంతలో నా బిడ్డ నోరు తెరిచింది.

"అద్దు. మమ్ముల తీస్కోకుండ్రి."

వెనక నుంచి దాని నడుము మీద గట్టిగా గిల్లాను. అది కదలలేదు.

"ఎందుకు?" అన్నది ఆ పిల్ల.

"మీది పై బుట్టకు అందది, మాది అందది. ఇద్దరం కింది బుట్ట కాడ కొట్లాడుకుంటం, ఓడిపోతం. ముస్తాబాద్ వాళ్లను ఎవ్వరు చూస్తలేరు. వాళ్ల జోడీలు మంచిగ లేక కిందికి పోయిండ్రు గని, వాళ్ల మిషన్ పై బుట్టల ఒక్కటి తప్పకుండ ఏస్తది. నేను పొద్దుగాల్నుంచి రాసుకున్న, సూడు." నోట్‌బుక్ తెరిచి చూపించింది. "వాళ్లను తీస్కోండ్రి. మీరు గద్దె ఎక్కుండ్రి, వాళ్లు పైన ఏస్తరు."

ఆ పిల్ల నోట్‌బుక్కు చూసింది, నా బిడ్డను చూసింది. "మరి మీరు?"

"మేం గిక్కడ నిలబడి ఒర్లుతం."

"పక్కా?"

"పక్కా."

ఆ పిల్ల నా బిడ్డ చెయ్యి పట్టుకుని నొక్కి, పరుగెత్తిపోయింది. ఆఖరున, నాలుగో జోడీగా ముస్తాబాద్ బడి పేరు మైకులో వినిపించినప్పుడు, మమ్మల్ని ఎవరూ తీసుకోలేదని నాకు పూర్తిగా తెలిసింది. నేను తిట్టిన తిట్లు ఇక్కడ రాయనని నా బిడ్డ అంటున్నది. సరే, ఒకటి మాత్రం రాయమన్నాను. "గంత తెలివి నీకెందుకే, అమ్ముకుంటవా?" అన్నాను.

"వాళ్లు మనల్ని తీస్కొని ఓడిపోతె పెట్టె అస్తదా అవ్వా?" అన్నది. "ఎట్లయిన రాదు. గట్లయితె వాళ్లది భీ పోతది."

జగిత్యాల పిల్లలూ ముస్తాబాద్ పిల్లలూ మొదటి స్థానం వాళ్లను ఓడించారు. ఆఖరి పోరులో సిరిసిల్ల వాళ్ల చేతిలో రెండు బంతుల తేడాతో ఓడిపోయారు. ఇక్కడ మంచివాళ్లు గెలిచారని చెప్పాలని నాకూ ఉంది కానీ గెలవలేదు. గోడ పక్కన నిలబడి నా బిడ్డ అరిచీ అరిచీ, చివరికి దాని గొంతూ నా గొంతూ ఒకటే అయ్యాయి. హైదరాబాదు సిరిసిల్ల వాళ్లు పోయారు. పోనీ. యంత్రం బాగుంది, పిల్లలకు పని వచ్చు. వాళ్లనేమీ అనను.

కప్పులిచ్చేటప్పుడు ఒక పెద్దమనిషి వేదికెక్కాడు, ముఖ్య అతిథట. మధ్యాహ్నం ఒకటి రెండు ఆటలు చూసి పోయాడట. "నేనొక అద్భుతం చూసిన," అన్నాడు. "మన సిరిసిల్ల పిల్లలు తమ బంతులను అవతలి వాళ్ల బుట్టలో వేసి సాయం చేసిండ్రు. గిదే అసలైన క్రీడాస్ఫూర్తి!" అని, మంచి నడవడి కప్పు కూడా వాళ్లకే ఇప్పించాడు. చప్పట్లు మోగాయి. కోచ్ రెండు చేతులు జోడించి తీసుకున్నాడు. నేను నవ్విన నవ్వుకు మా సారు నన్ను బయటికి తీసుకుపోయాడు. పొద్దున నేను సర్వపిండితో ఊరుకున్నాను, ఈయన వెండి రంగు కప్పే ఇచ్చాడు. నాకంటే చదువుకున్నవాడు కదా.

సోమవారం ప్రార్థనలో మా సారు మాట్లాడాడు. మన పిల్లలు ఎన్ని ప్రలోభాలు వచ్చినా తలొగ్గలేదని, అలా తీర్చిదిద్దింది మన బడి అని అన్నాడట. ప్రలోభం ఏ దారిన వచ్చిందో మాత్రం చెప్పలేదట. నా బిడ్డ కూడా చప్పట్లు కొట్టింది.

పరీక్షలు అయిన వారానికి పెట్టె తీసుకుపోవడానికి ఒకాయన ఆటోలో వచ్చాడు. అది రుద్రంగి బడికి పోతున్నదట. పోటీకి వెంట వెళ్లిన మనిషిగా నా సంతకం కూడా కావాలని నన్ను పిలిపించారు. ఆయన చేతిలో రెండు పేజీల లిస్టు. ఆయన వస్తువుల పేర్లు చదువుతుంటే నా బిడ్డ ఒక్కో వస్తువూ తీసి స్పాంజి గుంటల్లో పెట్టింది. చక్రాలు తుడిచి పెట్టింది. వైర్లు చిక్కు తీసి, చుట్టి పెట్టింది. ఒక్క మాట మాట్లాడలేదు. నాకు ఆ పాత రోజులు గుర్తొచ్చి భయమేసింది.

అన్నీ అయ్యాక సంచీలోంచి మడిచిన కాగితాలు తీసింది. ఏ మోటారు తొందరగా వేడెక్కుతుంది, ఏ స్క్రూ ఊరికే వదులవుతుంది, పై బుట్టకు అందాలంటే తాము ఎక్కడ తప్పు చేశాం, అన్నీ బొమ్మలు గీసి రాసింది. రుద్రంగి పిల్లలకట.

"గిది లిస్టుల లేదు బిడ్డా," అన్నాడాయన. "లిస్టుల లేని వస్తువు పెట్టెల పోవద్దు. నాకు మాటస్తది."

"కాగితమే గద సార్. వాళ్లు మొదటి నుంచి మొదలుపెట్టుడు ఎందుకు?"

"రూలంటె రూలే."

నా బిడ్డ కాగితాలు చేతిలో పట్టుకుని నిలబడింది. ఆయన నుదురు తుడుచుకుని, మంచినీళ్లు దొరుకుతాయా అన్నాడు. ఎందుకు దొరకవు! ఆయనను కుండ దగ్గరికి నేనే తీసుకుపోయాను. నీళ్లు ముంచి ఇచ్చాను. రుద్రంగి దాకా ఆటోలో ఎంత ఎండ, ఎంత దుమ్ము అని నా గరగర గొంతుతో ముచ్చట పెట్టాను. ఇంకో గ్లాసు తాగమన్నాను. తిరిగి వచ్చేసరికి పెట్టె మూత మూసి ఉంది, నా బిడ్డ చేతులు ఖాళీగా ఉన్నాయి, కింది స్పాంజి ఒక మూల కాస్త ఉబ్బెత్తుగా ఉందేమో, మూత మూశాక ఎవరికి తెలుస్తుంది?

లిస్టు ప్రకారం అన్నీ సరిగ్గా ఉన్నాయని ఆయన సంతకం పెట్టాడు. దాని కింద నేను కూడా పెట్టాను.